బిల్లు లేని వంతెన

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు రైలు వచ్చేది.

ఫిల్మ్‌నగర్ వాలులో ఉన్న డాబా ఇల్లది. మేడ మీద గదిలో గోడ నుంచి గోడ దాకా పరిచిన బల్ల ఉంది. హైమవతి స్విచ్చి నొక్కగానే జానెడంత ఇంజను ఆరు పెట్టెల్ని లాక్కుంటూ బయల్దేరేది. పొలాలు దాటి, గేటు దాటి, చిన్న స్టేషన్లో ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత గోదావరి వంతెన ఎక్కేది. పేము కుర్చీలో కూర్చున్న అత్తగారు సుబ్బులమ్మ ఎనభై ఏళ్ళ వయసులో రోజూ అదే మొదటిసారి అన్నట్టు చేతులు చరిచేది.

"కొవ్వూరు దాటింది! హైమా, చూడవే, కొవ్వూరు దాటేసింది!"

"దాటిందత్తయ్యా. ఇక పది నిమిషాల్లో రాజమండ్రి. మీ సామాను సర్దుకోండి."

హైమవతి మొహం ఎవరికీ తెలియదు గానీ గొంతు మాత్రం రాష్ట్రమంతా తెలుసు. పాతికేళ్ళుగా హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతోంది. యాభై దాటినా ఆ గొంతుకి ఇరవై దాటలేదు. ఆవిడ తండ్రి కొవ్వూరు వైపు రైల్వేలో వంతెనకు రంగులేసే మేస్త్రీ. చిన్నప్పుడు ఆయనకు క్యారేజీ పట్టుకెళ్ళి, ఆ ఇనప కమ్మీల కింద కూర్చుని రైళ్ళు చూడడమే ఆవిడకు సినిమా. సొంతంగా ఇల్లూ, అందులో ఒక ఖాళీ గదీ అమరాక ఆ సినిమానే మళ్ళీ తీసుకుంటోంది.

ఆ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని మేడెక్కిన భర్త అనంతపద్మనాభానికి ఆవిడ ఒక రంగుల బొమ్మ చూపించింది. నల్లగా నిగనిగలాడే ఆవిరి ఇంజను.

"జర్మనీదండీ. బొంబాయి షాపాయన తెప్పిస్తానన్నాడు. కస్టమ్స్‌తో కలిపి ముప్ఫై రెండు వేలు. శనివారం లోపల సగం పంపాలట."

పద్మనాభం గ్లాసు కింద పెట్టాడు.

"ఎంతా?"

"ముప్ఫై రెండు."

"ముప్ఫై రెండు వేలకి స్కూటరొస్తుంది హైమా! దాని మీదెక్కి ఊరంతా తిరగొచ్చు. దీని మీద ఎవరెక్కుతారు, చీమలా?"

"రోజూ మీ అమ్మగారు ఎక్కుతున్నారు, అడగండి."

"అవునురా, నేనెక్కుతున్నా," అంది సుబ్బులమ్మ తలతిప్పకుండా.

పద్మనాభం సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. మద్రాసులో మొదలుపెట్టి పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చిన మనిషి. ఏనుగు రోజు అద్దె ఎంత, కృత్రిమ వాన గంటకి ఎంత, వందమంది జనానికి బేటా అనే రోజు బత్తెం ఎంత, అద్దాల కిటికీ బద్దలుకొడితే ఎంత, అన్నీ నాలిక చివర ఉంటాయి. ముప్ఫై ఏళ్ళలో ఒక్క నిర్మాతకు ఒక్క కాల్షీటు నష్టం తేలేదని ఆయన గొప్ప. దానికి ఆయన నమ్ముకున్న సూత్రం ఒకటే, ఏ పనికైనా బిల్లుండాలి. బిల్లు లేదంటే ఖర్చు కాలేదన్నమాట. ఆ సూత్రాన్నే ఇంటికీ తెచ్చి, ఉప్పు ప్యాకెట్టు నుంచి ఊరగాయ జాడీ దాకా ఫైలు కట్టాడు. అలాంటి మొగుడితో వేగడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

"నాకు రెండు డీజిల్ ఇంజన్లున్నాయండీ, నిజమే. కానీ నా చిన్నప్పుడు ఆ వంతెన మీద నడిచింది ఆవిరి బండి. ఈ ఏడు కొత్త వంతెన తెరిచి పాతదాని మీద బళ్ళు ఆపేస్తారట. మా నాన్న రంగేసిన వంతెన మీద మళ్ళీ బండి నడిచేది ఇక ఇక్కడే."

"అదంతా సరే. ఇల్లన్నాక ఒక లెక్కుండాలా వద్దా? నెలకింత అని పెట్టుకో. ఐదొందలు."

"ఐదొందలకి పట్టాలు కూడా రావు."

"అయితే రైలు మానెయ్!"

గదిలో చప్పుడు ఆగిపోయింది. బండి కూడా స్టేషన్లో ఆగినట్టుంది. సుబ్బులమ్మే ముందు తేరుకుంది.

"ఒరేయ్ పద్మనాభం, మీ నాన్న చుట్టలకి తగలేసిన డబ్బుతో ఇలాంటివి రెండు కొనొచ్చురా. అప్పుడు నేను మాట్లాడానా?"

"నువ్వూరుకో అమ్మా."

హైమ గొంతు తగ్గించింది. "మాట్లాడి మాట్లాడి గొంతు అరిగి సంపాదించిన డబ్బండీ అది. మానేసి ఈ గదిలో ఏం చేసుకోమంటారు?"

"ఏముందీ, అద్దెకిద్దాం," అని పద్మనాభం సరదాకి అన్నాడు గానీ ఆవిడ నవ్వలేదు. ఆయనే ఇబ్బందిగా మెట్లు దిగిపోయాడు.

అద్దె అన్న మాట మాత్రం ఆయనతో పాటు ఆఫీసుకొచ్చి కూర్చుంది. ఎందుకంటే అక్కడ పెద్ద రభస నడుస్తోంది. సినిమా చివర్లో రైలు వంతెన మీద ఉండగా విలన్ ఆ వంతెనను పేల్చేయాలి. చిన్న సైజు వంతెన సెట్టు వేసి తీద్దామని డైరెక్టరు కుర్రాడు పట్టుబట్టాడు. ఆర్ట్ డైరెక్టరు లక్ష్మయ్య గారు లెక్క వేసి లక్షన్నర అన్నారు, మూడు వారాలు పడుతుందన్నారు. నిర్మాత తల పట్టుకున్నాడు. అందరూ పద్మనాభం వైపు చూశారు.

పద్మనాభం బుర్ర చకచకా పనిచేసింది. మేడ మీద వంతెన రెడీగా ఉంది! రెండు రోజుల అద్దె ఎనిమిది వేలు. పేల్చినందుకు నష్టపరిహారం ఇరవై ఐదు వేలు. అంటే ముప్ఫై మూడు. ఇంజను డబ్బు వచ్చి ఇంకా వెయ్యి మిగులుతోంది! రైలు ఖర్చు రైలే సంపాదించుకుంటోంది! నిర్మాతకు లక్ష మిగులుతోంది, హైమకు ఇంజను వస్తోంది, లెక్క ఎక్కడా చెడడం లేదు. ఇంత చక్కటి బేరం ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడైనా కుదిర్చానా అని ఆయన గుండె గంతులేసింది. ఇంటికెళ్ళి ఫైలు తీసి చూశాడు. ఇంజన్లకు బిల్లులున్నాయి, పెట్టెలకున్నాయి, పట్టాలకున్నాయి, కరెంటు పెట్టెకుంది. వంతెనకు ఒక్క బిల్లూ లేదు. దాన్ని హైమ అగరుబత్తి పుల్లలు, శతదినోత్సవాల ఆహ్వాన పత్రికల మందపాటి అట్టలు కత్తిరించి అతికించింది. పైసా ఖర్చు లేని వస్తువు, మళ్ళీ చేసుకుంటుంది, దానిదేముందిలే అనుకున్నాడు.

ముందే చెబితే సరదా పోతుందని హైమకు చెప్పలేదు. శనివారం కల్లా ఆవిడ చేతిలో కొత్త ఇంజను డబ్బు పెట్టి, ఆ మొహం వెలిగిపోవడం చూడాలి. ఈయన చెడ్డవాడైతే మనకింత బాధ ఉండకపోను.

గురువారం మధ్యాహ్నం హైమ డబ్బింగ్ థియేటర్ నుంచి ఇంటికొచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. సుబ్బులమ్మ మెట్ల మొదట్లో కూర్చుని ఉంది. పనిమనిషి బాలమణి ఆవిడకు విసనకర్ర విసురుతోంది.

"ఏమైందత్తయ్యా?"

"ఫోటోలు తియ్యడానికన్నాడే. నేను నమ్మాను. కాళ్ళు తుడుచుకోకుండా నలుగురు మగాళ్ళు మేడెక్కారు."

"అయ్య తోలిండమ్మా గాళ్ళని," అంది బాలమణి. "బల్లకు బల్ల లేపి వ్యానుల ఎక్కించిండ్రు. జర పైలం, జర పైలం అని అయ్య ఒకటే మొత్తుకుండు. సినిమాల రైలు పడిపోయే సీనట. వంతెన పేల్చేస్తరంట. ఆ పిలగాండ్లు అనుకుంటుంటే ఇన్న."

హైమ మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు. గది ఖాళీ. బల్ల కాళ్ళ గుర్తులు నేల మీద నాలుగు తెల్లటి మచ్చల్లా మిగిలాయి. పడగ్గదిలో ఆవిడ దిండు మీద ఏదో మూట ఉంది. అది పద్మనాభం పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని పట్టు కండువా. విప్పి చూస్తే లోపల రెండు ఇంజన్లూ దుమ్ము కూడా అంటకుండా భద్రంగా ఉన్నాయి.

వెనకే వచ్చిన బాలమణి ఊపిరి పీల్చుకుంది. "ఇంజన్లు గీడనే ఉన్నయ్ గదమ్మా! ఇగేం ఫికర్?"

"వంతెన, బాలమణీ..." అంది హైమ. వేల డైలాగులు చెప్పిన ఆ గొంతులోంచి అంతకు మించి రాలేదు. కింద నుంచి సుబ్బులమ్మ కేక మాత్రం ఇల్లంతా మోగింది.

"నిలబడి ఏడుస్తావేమే? పరుగెత్తు! వాడు నా కొడుకే, నువ్వు రెండు తగిలించినా నేనేమీ అనుకోను!"

బాలమణి వీధిలోకి దూకి ఆటో ఆపింది. హైమ ఎక్కి కూర్చుంది. చెక్‌పోస్టు వైపు ఎత్తు ఎక్కలేక ఆటో మూలుగుతుంటే ఆవిడ ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది.

"త్వరగా పోనీ బాబూ. వంతెన పేల్చేస్తున్నారు!"

"వంతెననా? యాడమ్మా?"

"గోదావరి వంతెన!"

ఆటో ఒక్కసారి పక్కకి జరిగింది. "గోదావరి గీడేడ ఉన్నదమ్మా?"

"స్టూడియోలో! మా ఆయన పట్టుకెళ్ళాడు!"

పాపం, అతను ఇంకేమీ అడగలేదు. ఇలాంటి మనిషిని వీలైనంత తొందరగా దింపేయడమే మంచిదనుకున్నాడో ఏమో, బండిని గాల్లో తోలాడు. స్టూడియో గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. పాసున్నదా?"

"అడ్డు లే!" అంది హైమ.

అంతే అంది. వాడు కర్ర దించేసి, ఆ గొంతున్న హీరోయిన్ ఎక్కడుందా అని కారు కోసం రోడ్డు వైపు చూశాడు. ఈలోపు పట్టుచీర కుచ్చెళ్ళు పట్టుకుని యాభై దాటిన హీరోయిన్ అతని పక్క నుంచే పరుగెత్తింది.

ఫ్లోర్ లోపల పొగ కమ్ముకుని ఉంది. నీళ్ళు నింపిన పెద్ద తొట్టి, దాని మీద హైమ వంతెన, వంతెన కొసన సినిమా వాళ్ళు తెచ్చిన తగరపు ఇంజను, చుట్టూ లైట్లు. అంత వెలుతురులో దాన్ని హైమ ఎప్పుడూ చూడలేదు. వెండి రంగు కమ్మీలు తళతళలాడుతుంటే అది నిజంగా గోదావరి మీదిదే అనిపించి ఆవిడ గుండె ఒక్క క్షణం ఉప్పొంగింది. మరుక్షణం ఒడ్డు దగ్గర రెండు కమానులు విరిగి వేలాడడం కనిపించింది. అప్పటికే రిహార్సల్ చేశారు. మధ్య స్తంభాలకు సన్నటి వైర్లు చుట్టి ఉన్నాయి.

"సైలెన్స్!" అన్నాడు డైరెక్టరు. "ఇది ఒక్క టేకే. మళ్ళీ కట్టలేం. రోల్ కెమెరా!"

కెమెరా తిరగడం మొదలైంది. పేల్చే మీట దగ్గర కూర్చున్న సెట్టు కుర్రాడు నర్సింహ వేలు ఆనించాడు. డైరెక్టరు నోరు తెరిచాడు.

"కట్!"

మైకు అక్కర్లేని గొంతది. ఫ్లోర్ నాలుగు మూలలా మోగింది. అలవాటు కొద్దీ కెమెరా ఆగింది, నర్సింహ చెయ్యి వెనక్కి తీశాడు, లైట్ బాయ్ లైటు కూడా ఆర్పేశాడు. కట్ అన్నది ఆడగొంతు అన్న సంగతి ఆ తర్వాత అందరికీ తట్టింది.

"ఎవరది?" డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "నా సెట్లో కట్ చెప్పిందెవరు?"

"నేను బాబూ. ఆ వంతెన నాది."

పద్మనాభం పొగలోంచి పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "హైమా! ఏంటిది? ఫిల్ము తిరుగుతోంది! ఇంజన్లు ఇంట్లోనే ఉన్నాయి కదా, చూళ్ళేదా?"

"చూశాను. పట్టు కండువాలో చుట్టి మరీ పెట్టారు. వంతెన్నెందుకు చుట్టలేదండీ?"

"దానికి... దానికేం ఖర్చయిందని? శనివారానికి నీ ఇంజను డబ్బు నీ చేతిలో పెడదామని..."

హైమ ఆయన్ని దాటి తొట్టి దగ్గరకు వెళ్ళింది. కోపంతో వచ్చిన మనిషికి, వంతెన మీద చెయ్యి వెయ్యగానే ఆ కోపం ఎక్కడికో పోయింది.

"ఇలా రండి. ఈ కమాను చూడండి. ఇది మీరు ఊటీ షెడ్యూలుకి వెళ్ళినప్పుడు చేశాను. పది రోజులని వెళ్ళి నెల దాటాక వచ్చారు. ఇది అరకు. ఈ పక్కది కులూమనాలి, అక్కడ మంచు పడక ఆగిపోయారు చూడండి, అప్పటిది. ఇది నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గాక, చేతులు వణుకుతుంటే అతికించాను, అందుకే కొంచెం వంకర. మీరు వైజాగ్ బీచిలో ఉన్నారు."

ఆవిడ వేలు మధ్య స్తంభం మీదికి జరిగింది.

"ఈ మధ్య స్తంభం రాజస్థాన్. మా నాన్న పోయిన కబురు వచ్చింది. మీకు ట్రంకాల్ చేస్తే ఎడారిలో ఉన్నారన్నారు. అప్పుడు కాల్షీటు వదిలి రాలేకపోయారు. నేను తిట్టానా? ఎప్పుడైనా ఒక్క మాటన్నానా? దినాలయ్యాక ఇంటికొచ్చి, మేడెక్కి, దీన్ని మొదలుపెట్టాను. మీరు లేని రోజులన్నీ ఇక్కడ ఉన్నాయండీ. వీటికి బిల్లు ఎవరిస్తారు?"

డైరెక్టరు కుర్రాడికి కూడా కాస్త జాలేసింది గానీ, వాడి తలలో గడియారం తిరుగుతోంది.

"ఆంటీ, సారీ. నిజంగా సారీ. కానీ రెండు కమానులు ఎలాగూ పోయాయి. మీకు నష్టం లేకుండా చూస్తాం. పద్మనాభం గారూ, ఇరవై ఐదు అన్నారు కదా, యాభై రాసుకోండి. అది కాకపోతే మీరే ఒక రేటు చెప్పండి సార్. మీకంటే కరెక్టుగా ఎవరు చెప్తారు? ఎంతంటే అంత ఇప్పిస్తాను. షాట్ మాత్రం కానివ్వండి."

అందరూ పద్మనాభం వైపు తిరిగారు. అడిగిన క్షణంలో రేటు చెప్పే మనిషి. ఆయన వంతెనకేసి చూశాడు. ఊటీ, అరకు, కులూమనాలి, వైజాగ్, రాజస్థాన్. ఆ షెడ్యూళ్ళన్నిటి లెక్కలూ ఆయనకు కంఠతా వచ్చు. ఏ ఊళ్ళో హోటలు గదికి ఎంత బేరమాడాడో, ఎన్ని భోజనాలు మిగిల్చాడో కూడా గుర్తే. అప్పుడు మేడ మీద ఒక మనిషి ఒంటరిగా కూర్చుని పుల్లలు అతికించుకుంటోందని ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. ఆయన నోరు తెరిచాడు. ఏదో ఒక అంకె వస్తుందని అందరూ చూశారు. పెదాలు కదిలాయి, అంకె రాలేదు. కళ్ళజోడు తీసి రుమాలు కోసం జేబు తడుముకున్నాడు. అది దొరకలేదు. చొక్కా చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంతని చెప్పను బాబూ?" అన్నాడు చివరికి. "నాకు తెలియడం లేదు."

తర్వాత ఆయన వెళ్ళి స్తంభాలకు చుట్టిన వైర్లు స్వయంగా విప్పడం మొదలుపెట్టాడు.

"సార్! ప్రొడ్యూసర్ గారికి ఏం చెప్తారు?"

"నా తప్పని చెప్తాను. అడగకుండా తెచ్చాను. ఈ పూట నష్టం నా రెమ్యూనరేషన్లో కోసుకోమనండి."

ముప్ఫై ఏళ్ళలో పద్మనాభం నోటి నుంచి నష్టం అన్న మాట వినని జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన వైరుని తొందరగా లాగేస్తుంటే హైమే వచ్చి పక్కన నిలబడింది. "అలా లాగకండి, విరుగుతుంది," అంటూ తనే కొస విప్పింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నాలుగు స్తంభాలూ విప్పారు.

అంతవరకూ మూల నిలబడ్డ లక్ష్మయ్య గారు గొంతు సవరించుకున్నారు. "డైరెక్టరు గారూ, పేలడానికి ఇది అక్కర్లేదు. దీన్ని కొలుచుకుని ప్లాస్టర్‌తో మధ్య ముక్క ఒక్కటీ పోసిస్తాను. వారం చాలు. కావలసినట్టు ముక్కలవుతుంది. పూర్తి రైలు వెళ్ళే షాట్లకి మాత్రం ఇంతకంటే మంచిది నా వల్ల కాదు."

డైరెక్టరు తల గోక్కున్నాడు. "రైలు వెళ్ళే షాట్లు ఇవాళ తీసుకోవచ్చా? ఆంటీ, మీరు ఒప్పుకుంటేనే."

హైమ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే తొట్టి వైపు చూసింది, కెమెరా వైపు చూసింది. ఆవిడ మొహం మారిపోవడం పద్మనాభం కళ్ళారా చూశాడు.

"కెమెరా అంత పైనుంచి పెడితే బొమ్మలా ఉంటుంది బాబూ. నీళ్ళ దగ్గరకు దించండి. నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళేటప్పుడు నేను పడవలోంచి చూసేదాన్ని, అప్పుడు వంతెన ఆకాశమంత ఉండేది. విరిగిన వైపు చూపించకండి. బండి ఈ చివర్నుంచి నెమ్మదిగా రావాలి. మీ తగరపు ఇంజను పనికిరాదు, నా డీజిల్ ఇంజనే కావాలి."

"నర్సింహా!" పద్మనాభం అరిచాడు. "నా స్కూటరు తీసుకుని ఇంటికెళ్ళు. దిండు మీద కండువాలో ఉన్నాయి. పైలం!"

నర్సింహ వెళ్ళిన దారినే తిరిగొచ్చాడు. మూటను గుండెకి హత్తుకుని దిగాడు. "సార్, పెద్దమ్మ గూడ వస్తానన్నది. రెండు ఇంజన్లు, పెద్దమ్మ, ముగ్గురిని స్కూటర్ మీద తేలేనని చెప్పిన. గిప్పుడు ఆటోల వస్తున్నది."

నిజంగానే సుబ్బులమ్మ బాలమణి చెయ్యి పట్టుకుని ఫ్లోర్లోకి నడిచొచ్చింది. ఎవరూ అడగకుండానే డైరెక్టరు కుర్చీలో కూర్చుంది. ఎవరూ లేవమనలేదు.

లైట్లు మళ్ళీ వెలిగాయి. కెమెరా నీళ్ళ అంచుకు దిగింది. హైమ రైలు నడిపే మీట పట్టుకుంది. యాక్షన్ అన్నారు. పొగమంచులోంచి బండి వచ్చింది. ఒక్కో కమానూ దాటుతుంటే దాని నీడ నీళ్ళలో పరుగెత్తింది. యాభైమంది ఊపిరి బిగబట్టారు. పద్మనాభం అయితే తనే పట్టాలు మోస్తున్నట్టు పళ్ళు కరిచి నిలబడ్డాడు. ఆఖరి పెట్టె స్తంభం చాటుకి వెళ్ళగానే డైరెక్టరు కట్ అనడం మర్చిపోయాడు.

"చెప్పవయ్యా!" అంది సుబ్బులమ్మ.

"కట్! ఓకే! అదిరింది!"

ఫ్లోరంతా చప్పట్లు. తన గొంతుకి చప్పట్లు వినడం హైమకు అలవాటే, అవి ఎప్పుడూ ఇంకో మొహానికి దక్కేవి. ఇవి మాత్రం తిన్నగా ఆవిడకే వచ్చాయి. ఆవిడ నవ్వుతూనే ఏడ్చేసింది.

సాయంత్రం ఇంటికొచ్చాక, బల్లను మేడెక్కించి, పనివాళ్ళను పంపి, పద్మనాభం విరిగిన కమానుల ముందు కూర్చున్నాడు. విరిగిన పుల్ల ఒకటి చేతిలోకి తీసుకుని అన్నాడు.

"ఇంజను కొనుక్కో హైమా. నేను కాదనను."

"కొనుక్కుంటాను. ఆ రోజు నేను మిమ్మల్ని అనుమతి అడగలేదండీ. చూసి మీరూ సంతోషిస్తారని చూపించాను."

ఆ మాట ఆయనకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. తల వంచుకున్నాడు. "ఎంత ఖర్చు పెడుతున్నావో చూశాను గానీ, దేనికి పెడుతున్నావో మేడెక్కి చూళ్ళేదు. ఆ ఎడారి నుంచి నేను రావలసింది."

"రావలసిందే," అంది హైమ. ఫర్వాలేదులెండి అని మాత్రం అనలేదు. జిగురు డబ్బా ఆయన ముందుకు జరిపింది. "ఈ పుల్ల పట్టుకోండి. ఆరేదాకా వదలకూడదు. కదిలితే మళ్ళీ మొదటికొస్తుంది."

ఆయన కదలకుండా పట్టుకున్నాడు.

ఆ తర్వాత వారమే ఆయన ఇంకో ఖర్చు పెట్టాడు. పాత వంతెన మీద బళ్ళు ఆగిపోకముందే, దాని మీదుగా వెళ్ళే పగటి బండి ఏదో కనుక్కుని మూడు టికెట్లు కొన్నాడు. షూటింగు ఉంది కదా అంటే, ఇంకో మేనేజరుని చూసుకోమన్నానన్నాడు. కొవ్వూరు దాటగానే సుబ్బులమ్మ కిటికీ దగ్గరకు జరిగింది. హైమ తలుపు దగ్గర నిలబడింది, పద్మనాభం ఆవిడ భుజం గట్టిగా పట్టుకున్నాడు. బండి వంతెన ఎక్కింది. ఇనప కమ్మీలు ఒక్కొక్కటే దడదడమంటూ వెనక్కి పోయాయి. కింద ఎండలో గోదావరి మెరిసింది.

"అదిగోండి! ఆ కమ్మీల మీదే! మా నాన్న మోకుకి వేలాడుతూ రంగేసేవాడు! నేను కింద నిలబడి చెయ్యూపేదాన్ని!" హైమ చిన్నపిల్లలా అరుస్తోంది. ఆ చప్పుడులో గొంతు వినిపించక ఇంకా గట్టిగా అరుస్తోంది. పద్మనాభం కూడా ఆ కమ్మీల వైపు చెయ్యూపాడు. ఎవరికి ఊపుతున్నాడో ఆయనకు తెలుసు.

పెట్టెలో జనమంతా గోదావరిలో చిల్లర వేస్తున్నారు. సుబ్బులమ్మ తన రూపాయి కిటికీలోంచి వేసి దణ్ణం పెట్టుకుంది. పద్మనాభం జేబులో చెయ్యి పెట్టి, దొరికిన చిల్లరంతా పిడికిట పట్టి, సగం హైమ చేతిలో పోశాడు. ఇద్దరూ కలిసి విసిరారు. నాణేలు ఎండలో ఒక్కసారి మెరిసి కమ్మీల మధ్య నుంచి జారిపోయాయి.

"ఎంత వేశావురా?" అని కిటికీ దగ్గర నుంచి అడిగింది తల్లి.

"చూసుకోలేదమ్మా," అన్నాడు పద్మనాభం.